కొక్కేనికి వేలాడిన చివరి అధ్యాయం

పుస్తకం గొప్పదా, దాన్ని చూసి తీసిన సినిమా గొప్పదా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్లకు జవాబు ముందే తెలిసి ఉంటుంది. పుస్తకమే గొప్పదని నేననాలి, వాళ్లు తలలూపాలి, అందరం చదువుకున్నవాళ్లమని అనిపించుకుని టీ తాగి ఇళ్లకు పోవాలి. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, మూడు నాలుగు కథల పుస్తకాలు వేసుకున్నదాన్ని కాబట్టి ఈ గొడవ నాకు తప్పదు. పోయిన నెలలో సెంటినరీ కాలనీ నుంచి ఇద్దరమ్మాయిలు గోదావరిఖనిలోని మా ఇంటికొచ్చి అదే ప్రశ్న వేసినప్పుడు కూడా మొహం చిట్లించాను. కాలనీలో ఓ పదిహేను మంది కలిసి నెలకో పుస్తకం చదువుతున్నారట. ఈసారి ఒక పాత గూఢచారి నవల చదివి, దాని మీద ఎప్పుడో వచ్చిన సినిమాను ఫోన్లలో చూశారట. రెండింటినీ పోల్చి మాట్లాడటానికి నన్ను రమ్మన్నారు. ఏం పుస్తకమని అడిగితే ఒకమ్మాయి సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టింది. కొత్త అచ్చు, నున్నటి అట్ట, పేరు మాత్రం పాతదే, 'ముప్పై ఆరో గేటు'. వస్తానని వెంటనే చెప్పేశాను. అంత తేలిగ్గా ఒప్పుకుంటానని వాళ్లు అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

వాళ్లు వెళ్లాక ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బొగ్గు పొయ్యి పొగ, తడి బొగ్గు అంటిన బట్టలు, కొబ్బరినూనె, కాలుతున్న జొన్నరొట్టె, ఇవన్నీ కలిసిన వాసన ఒకటుండేది మా క్వార్టర్లో సాయంత్రం పూట. మాది రెండు గదుల కంపెనీ క్వార్టర్. వెనుక నల్లా దగ్గర అవ్వ బాపు డ్యూటీ బట్టలు ఉతికితే కాలువలో నీళ్లు నల్లగా పారేవి. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు పేరు ఓదెలు. బొగ్గుబాయిలో, అంటే గనిలో, కప్పు కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. కప్పంటే అక్కడ తల మీదుండే రాయి. దాన్ని ఇనుప కడ్డీతో తట్టి, చప్పుడును బట్టి గట్టిదో కాదో చెప్పాలి. గట్టిదైతే ఖంగుమంటుంది, లోపల వదులైతే పగిలిన కుండలా డొల్లగా మోగుతుంది. బాపు తట్టి మంచిగుందన్నాకే మిగతా వాళ్లు దాని కిందికి పోయి పని మొదలుపెట్టేవాళ్లు. మొదటి షిఫ్టు చేసి నాలుగింటికి ఇంటికొచ్చి, అవ్వ కాచిపెట్టిన నీళ్లతో స్నానం చేసి, ఎంత రుద్దినా కనురెప్పల అంచున మిగిలిపోయే నలుపుతోనే వచ్చి మంచం మీద కూర్చునేవాడు. "సదువు బిడ్డా" అనేవాడు. బాపుకు సంతకం వచ్చు, చదువు రాదు. నేను గడపలో కూర్చుని గూఢచారి నవల చదివేదాన్ని. అవ్వ రొట్టెలు కొడుతూ, తనకేమీ పట్టనట్టే మొహం పెట్టి, ఒక్క ముక్క వదలకుండా వినేది.

పుస్తకాలు పక్క క్వార్టర్ దానియేలు కాకవి, కాకంటే మా వైపు చిన్నాన్న. ఆయన బాయి మీద, గని నోటి దగ్గర, దీపాలిచ్చే గదిలో క్లర్కు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లను ఆయనకిచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు అయిపోయినా ఏదైనా బిళ్ల కొక్కేనికి వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఏళ్ల తరబడి ఆ పని చేసి చేసి దానియేలు కాకకు లోకమంతా ఆ గదిలాగే కనబడేది. నవల ఎవరికైనా ఇచ్చే ముందు చివరి అధ్యాయాన్ని బ్లేడుతో జాగ్రత్తగా కోసి, దారంతో కుట్టి, గోడకున్న కొక్కేనికి తగిలించేవాడు. పుస్తకం నలగకుండా, నూనె మరక లేకుండా తిరిగొస్తేనే ఆ కాగితాలు చేతికిచ్చేవాడు. అదీ ఆయన అరుగు మీదే కూర్చుని చదివి ఇచ్చెయ్యాలి. "ముందుగాలనే ముగింపు సూసుకునే దొంగలుంటరు బిడ్డా, అసొంటోళ్లకు పుస్తకం ఇచ్చుడే దండగ" అనేవాడు. కాబట్టి చివరి అధ్యాయం మాత్రం నేను అరుగు మీద చదివొచ్చి బాపుకు నోటితో చెప్పేదాన్ని. ఇలా ఇచ్చే మనిషి లోకంలో ఇంకెక్కడైనా ఉంటాడని నేననుకోను.

'ముప్పై ఆరో గేటు'లో గూఢచారి పేరు భాస్కరం. యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు, ఆయాసం. పైకి రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. అటువంటివాణ్ని ఎవరు అనుమానిస్తారు? సరిహద్దు మ్యాపు ఒకటి దొంగిలించిన శత్రువును నవల అంతటా మేజర్ అనే అంటారు. అతను దాన్ని కొండల్లోని ఒక పాత గనిలో దాస్తాడు. గనిలో గాలిని దారి మళ్లించడానికి చెక్క తలుపులుంటాయి, వాటిలో చిట్టచివరిది ముప్పై ఆరో గేటు. భాస్కరం మేజర్‌ను తరుముతూ లోపలికి పోతాడు. వెనుక కప్పు కూలుతుంది. దారి మూసుకుపోతుంది, ఇద్దరికీ కలిపి ఒక్కటే దీపం. సరిగ్గా అక్కడ అధ్యాయం అయిపోయింది, మిగిలింది దానియేలు కాక గోడకుంది.

గూఢచారి కథలు బోలెడు చదివాం కానీ గని లోపలికి వచ్చిన గూఢచారి మాకు అతనొక్కడే. సాయంత్రం విన్నదాన్ని బాపు మరునాడు బాయిలో తిండి వేళ తన గ్యాంగుకు చెప్పేవాడు. పన్నెండు మంది రొట్టె నములుతూ వినేవాళ్లట. భాస్కరం మీద కప్పు కూలిన రోజు వాళ్లకు ముద్ద దిగలేదట. బాపును బావా అని పిలిచే కొమురయ్య మామ అయితే నేరుగా మా క్వార్టర్‌కే వచ్చి, "ఓ కోడలా, బతికిండా సచ్చిండా, గదొక్కటి చెప్పు" అని గడపలో బైఠాయించాడు. చెబుదామంటే దానియేలు కాక ఇంటిల్లిపాదితో చెల్లెలి పెళ్లికి మందమర్రి పోయాడు. తలుపుకు తాళం. వారం దాకా రాడు. "రేపు నన్ను గ్యాంగోళ్లు బతకనియ్యరు బిడ్డా" అని బాపు నవ్వుతూనే అన్నాడు కానీ పాపం నిజంగానే ఇబ్బంది పడుతున్నాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. క్లాసులో వ్యాసాలకు మొదటి మార్కు నాదే. ఆ పొగరు తక్కువది కాదు. "పెండ్లి తొందరల కాక పుస్తకం వాపసు అడగకుంటనే ఆఖరి కాయితాలు ఇచ్చిండు బాపు, సదివిన" అన్నాను. అంత నున్నగా అబద్ధం నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ముగింపు అల్లడానికి నేను ఎక్కడికీ పోనక్కర లేకపోయింది. రెండేళ్ల ముందు బాయిలో కప్పు కూలి కొమురయ్య మామ అవతల చిక్కుకుపోయాడు. బాపు నీళ్ల పైపు మీద రాయితో కొట్టి చూశాడు. అవతలి నుంచి రెండు దెబ్బలు వినబడ్డాయి. ఇక అక్కణ్నుంచి బాపు కదల్లేదు. కప్పు తట్టుకుంటూ, దుంగ మీద దుంగ నిలబెట్టుకుంటూ, రాళ్లు ఒక్కొక్కటే తీయించి, షిఫ్టు దిగే వేళ దాటిపోయాక మామను వీపున వేసుకుని బయటికి తెచ్చాడు. ఆ రోజు బాయి మీద అవ్వతో పాటు నేనూ ఉన్నాను. ఆ సంగతే తీసి నవలలో పెట్టేశాను. రాయి కింద కాలు ఇరుక్కున్న మేజర్‌ను భాస్కరం వదిలిపెట్టడు. కప్పు తడతాడు, చప్పుడు విని దారి ఎంచుకుంటాడు. మ్యాపును లోపలే పారేసి శత్రువును వీపున మోసుకుంటూ ముప్పై ఆరో గేటు దాటి వెలుతురులోకి వస్తాడు. బాపు దాన్ని అట్లాగే తీసుకుపోయి చెప్పాడు. మరునాడు గ్యాంగులో ఆ ముగింపుకు పడిన మెప్పు అంతా ఇంతా కాదట. పుస్తకం రాసినోడు తప్పకుండా బాయి మనిషే అయి ఉంటడని తేల్చారట.

దానియేలు కాక వచ్చాక పుస్తకం ఇచ్చేసి, అరుగు మీద కూర్చుని అసలు చివరి అధ్యాయం చదివాను. నేను చెప్పింది అందులో లేదని తెలిసీ కాగితాలు తిరిగిచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చివరి అధ్యాయం మళ్లీ కొక్కెం ఎక్కింది, దాని సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆరు నెలలు తిరగకుండానే గోదావరిఖని టాకీసుకు దాని సినిమా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు గ్యాంగు గ్యాంగంతా పెళ్లాం పిల్లలతో బయల్దేరింది. భాస్కరం కాస్తా భాస్కర్ అయ్యాడు. ఆయాసం లేదు, కళ్లజోడు లేదు, కాళ్లకు తెల్ల బూట్లు. గనిలో అంతసేపు పరుగెత్తినా ఆ బూట్లకు నల్ల మచ్చ అంటలేదు. హాల్లో నవ్వులే నవ్వులు. "అరేయ్, కప్పు తట్టి సూడురా ముందుగాల" అని వెనుక నుంచి ఎవరో హీరోను కసిరారు. పుస్తకంలో భాస్కరం చీకట్లో కూర్చుని నీటి బొట్టు పడే చప్పుడు వినే ఘట్టం ఇరవై పేజీలుంటుంది. బాపు దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. సినిమాలో అది మూడు బొట్లలో అయిపోయింది. కానీ సినిమాను ఊరికే తీసిపారేయలేను. పుస్తకంలో రేఖ అని టైపు కొట్టే అమ్మాయి ఉంది, మూడొందల పేజీల్లో ఆమె చేసిందల్లా టీ తెచ్చివ్వడం. సినిమాలో ఆమె జీపు నడుపుకుంటూ కొండెక్కింది. అవ్వ ముందుకు వంగి, రెప్ప వెయ్యకుండా చూసింది. "పుస్తకమోనికి ఆడిది కనబడలే, సినిమావోనికి కనబడ్డది" అని అప్పటికప్పుడే తీర్పు చెప్పింది. మేజర్ వేషం వేసిన ముసలి నటుడు కూడా అంతే. తుపాకీ దెబ్బ తగిలినప్పుడు అతని మొహంలో భయం కాదు, ఏదో అడగబోయి ఆగిన ఆశ్చర్యం కనబడింది. అటువంటిది మాటల్లో పెట్టడం నాకు ఈనాటికీ చేతకాలేదు.

అవును, తుపాకీ. సినిమాలో భాస్కర్ మేజర్‌ను కాల్చేశాడు, మందుపాతర పేల్చాడు, మ్యాపు చేత్తో పట్టుకుని మంటల ముందు పరుగెత్తి రేఖ జీపులో పడ్డాడు. ఆట వదిలాక బయట పల్లీల బండి దగ్గర కొమురయ్య మామ ఆగాడు.

"బావా, నువ్వు చెప్పింది గిట్ల లేకుండె గద?"

"సినిమావోడు మార్చిండు. పుస్తకంల నేను చెప్పినట్టే ఉన్నది. నా బిడ్డ సదివింది" అన్నాడు బాపు, ఏ తడబాటూ లేకుండా.

"అయితే వచ్చే ఆదివారం అందరి ముంగట సదివియ్యరాదు? సినిమావోని సంగతి తేలిపోతది."

"సరే" అన్నాడు బాపు. నా చేతిలోని పల్లీల పొట్లం అట్లాగే ఉండిపోయింది.

ఆ వారం నేను బడిలో ఏం విన్నానో, ఇంట్లో ఏం తిన్నానో తెలియదు. జ్వరమేమోనని అవ్వ రెండుసార్లు నుదురు తడిమింది. బాపు కొట్టే మనిషి కాదు, కొడతాడన్న భయమూ కాదు. బాయిలో పన్నెండు మంది ఆయన మాట నమ్మి కప్పు కింద తలలు పెడతారు. ఆ మాట ఒట్టిదని ఆదివారం అందరి ముందూ తేలబోతోంది, అదీ నావల్ల. శుక్రవారం సాయంత్రం బాపు స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చోగానే, అవ్వ ఎదుటే చెప్పేశాను.

"బాపూ, నేను చెప్పింది పుస్తకంల లేదు."

"మరి ఏడున్నది?"

"నేనే అల్లిన."

అవ్వ రొట్టె కొట్టడం ఆపింది. బాపు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "కొమురయ్య సంగతి తీసి పెట్టినవ్ గద" అన్నాడు. "నాకు గప్పుడే అనుమానం రావాలె. ఆయాసపు మనిషి గంత బరువు మోసుడేంది." నేను ఏడుపు మొదలుపెట్టాను. ఏడవనిచ్చి, ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఇను బిడ్డా. కప్పు తట్టినప్పుడు అది మంచిగుండాలనే నాకుంటది. పని ఆగద్దు, గ్యాంగు ఊకె కూసోవద్దు. గానీ డొల్ల మోగితే డొల్లనే అంట. నాకు కావాల్సింది చెప్ప, నాకు ఇనబడ్డది చెప్త. గందుకే వాళ్లు నా మాట ఇంటరు. నువ్వు నా నోట్లె అబద్ధం పెట్టినవ్."

ఆ మాట తగిలినట్టు నాకు ఇంకే దెబ్బా తగల్లేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా తగులుతూనే ఉంది.

"కథ మంచిగనే ఉన్నది" అన్నాడు మళ్లీ ఆయనే. "నీ కథ అని చెప్పి ఎన్నన్న చెప్పు, నేను వింట. ఇంకొకని పుస్తకంల ఉన్నదని మాత్రం చెప్పకు. ఆదివారం అసలుది సదువు."

ఆదివారం మా వాకిట్లో చాపలు పరిచారు. సంగతి తెలిసి దానియేలు కాక తన నియమం తానే తప్పి, చివరి అధ్యాయాన్ని కొక్కెం నుంచి తీసి మా ఇంటికి తెచ్చాడు. నేను చదవబోయే ముందు బాపు లేచి నిలబడ్డాడు. "ముందుగాల ఒక మాట. నేను మీకు చెప్పింది పుస్తకంల లేదు. నా బిడ్డ అల్లింది, నేను నిజమనుకొని చెప్పిన. తప్పు నాదే, తెలుసుకోకుంట చెప్పిన" అని కూర్చున్నాడు. నా పేరు మీద ఒక్క చెడ్డ మాట రానివ్వలేదు. నేను అసలుది చదివాను. భాస్కరం ఆయాసపడుతూ పాకుతూ ముప్పై ఆరో గేటు చేరతాడు. వెనుక రాయి కింద కాలు ఇరుక్కున్న మేజర్ అతన్ని పేరు పెట్టి పిలుస్తాడు. భాస్కరం మ్యాపును జేబులో పెట్టుకుని తలుపు మూసేస్తాడు. మరునాడు పార్సిల్ ఆఫీసులో ఎప్పటిలాగే మూటలు తూకం వేస్తుంటాడు, చేతులు వణకవు. అంతే, అయిపోయింది. కొమురయ్య మామ లేచి నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కుని వచ్చాడు.

"గేటు మూసిండా?"

"మూసిండు మామా."

"లోపటి మనిషి పిలుస్తుండంగనే?"

"ఆ."

మామ మళ్లీ చాప మీద కూర్చున్నాడు. "మూసెటోళ్లు ఉంటరు" అన్నాడు. "రాసినోడు అబద్ధం రాయలే." ఆ తర్వాత చీకటి పడేదాకా ఒకటే వాదన. సినిమావాడు పిరికివాడని, మనిషిని లోపల వదిలిపెట్టే మాట చెప్పలేకనే తుపాకీ పెట్టాడని దానియేలు కాక అన్నాడు. జీపు సంగతి మరవొద్దని అవ్వ లోపల్నుంచి కేకేసింది. మరునాడు బాయిలో బాపు ఒకచోట కప్పు తట్టి మంచిగ లేదంటే ఒక్కరంటే ఒక్కరు దాని కిందికి పోలేదని కొమురయ్య మామే వచ్చి నాకు చెప్పిపోయాడు. ఆ రాత్రి నేను కడుపు నిండా అన్నం తిన్నాను. తర్వాత నేను రాసిన ప్రతి కథా మొదట బాపుకే వినిపించాను. ప్రతిసారీ ఆయన అడిగింది ఒకటే, ఎవరి కథ ఇది అని.

బాపు పోయి చాలా ఏళ్లయింది, అవ్వ కూడా లేదు. ఆ బాయి మూతపడింది. బొగ్గు ఇప్పుడు ఎక్కువగా పైనుంచే తవ్వుతున్నారు. సెంటినరీ కాలనీకి ఆటోలో పోతుంటే మట్టి గుట్టలు కొండల్లా కనబడతాయి. అప్పుడు ఒక్క పుస్తకాన్ని నలభై చెవులు వినేవి, ఇప్పుడు ఒక్కో పిల్ల చేతిలో వెయ్యి సినిమాలున్నాయి. అందరూ కలిసి వినడం పోయిందని నేనూ చాలాసార్లు సణిగాను. పిలిచిన రోజున వెళ్లి కాలనీ హాల్లో ఆ పదిహేను మంది మధ్య కూర్చున్నాక సణుగుడు మానేశాను. ఆ అమ్మాయిలు మాకంటే గట్టిగా కొట్లాడుకున్నారు. నీటి బొట్టు ఘట్టాన్ని ఒకమ్మాయి చదివి వినిపిస్తే ఫోన్లన్నీ పక్కన పెట్టారు. రేఖకు టీ తప్ప పని లేదేమని, మా అవ్వ అన్న మాటే, అవ్వను ఎన్నడూ చూడని పిల్ల అడిగింది.

చివర్లో నన్ను పిలవడానికి మా ఇంటికొచ్చిన ఇద్దరిలో ఒకమ్మాయి లేచింది. ఆమె కొమురయ్య మామ మనుమరాలని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. మామ వెనుక వరసలో గోడకానుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఎనభై దాటింది, వినికిడి మాత్రం చెక్కు చెదరలేదు.

"మేడం, మా తాత ఈ కథ నాకు చిన్నప్పుడే చెప్పిండు. తాత కథల భాస్కరం మేజర్‌ను మోసుకొస్తడు. పుస్తకంల గట్ల లేదు, సినిమాల గట్ల లేదు. ఎవలు మార్చిన్రు?"

"నేను మార్చిన" అన్నాను. లేచి నిలబడి మొత్తం చెప్పాను, అబద్ధంతో సహా, బాపు మాటతో సహా. ఎవరూ నవ్వలేదు. చెప్పడం అయ్యాక వెనక్కి చూశాను. "మామా, అసలుది నీ ముంగటనే సదివిన. పుస్తకంల లేదని నీకు ఎరుకే గద. ఇన్నేండ్లు మనుమలకు నా ముగింపే చెప్పుకుంట వచ్చినవా?"

కొమురయ్య మామ కర్ర మీద రెండు చేతులూ ఆనించి, నన్ను కాదు, మనుమరాలిని చూస్తూ అన్నాడు.

"పుస్తకమోడు ఆణ్ని లోపలనే ఇడిసిపెట్టిండు. సినిమావోడు కాల్చిపారేసిండు. మీ బాపు నన్ను బయటికి తెచ్చిండు. మరి పిల్లలకు నేను ఏది చెప్పాలె కోడలా?"